తాబేలు వీపు మీద ఫొటో

సాయంత్రం చుట్టాల గ్రూపులో వచ్చిన ఫొటో ఇంకా మనసులో తొలుస్తూనే ఉంది. ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట, ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేలు వీపు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టారు. కింద అందరూ దణ్ణాలు, పువ్వులు. అత్తయ్య కూడా పెట్టేసింది.

1972 వన్యప్రాణి చట్టంలో ఆలివ్ రిడ్లీది పులితో పాటు మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ. చట్టం సరే, తాబేలు ఒడ్డెక్కేటప్పుడు మొహాన వెలుతురు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్ళిపోతుంది. వెనక కాళ్ళతో అడుగున్నర గొయ్యి తవ్వి, గుడ్లు జారడం మొదలయ్యాకే మనిషి దగ్గరకెళ్ళాలి. అదీ వెనకనుంచి, ఎర్రకాగితం చుట్టిన టార్చితో. ఫ్లాష్ అస్సలు కూడదు. ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పే మనిషే ఉండడు.

తాబేళ్ళు మూకుమ్మడిగా వచ్చి గుడ్లు పెట్టే ఆ వారం రోజులూ జనం రాకుండా తీరం మూసెయ్యాలని రాద్దామనే కూర్చున్నాను. కానీ గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చే రాత్రులు గుర్తొచ్చాయి. గుడ్డు పొదగడానికి 45 నుంచి 55 రోజులు. అప్పటికి చూడవచ్చినవాళ్ళెవరూ ఉండరు. ఇసుకలోంచి లేచిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పోతుంది, అంటే సముద్రం వదిలేసి రోడ్డు దీపాల వైపు. ఊళ్ళో కుర్రాళ్ళు పాత వలల్ని కర్రలకు కట్టి తీరం పొడవునా మోకాలెత్తున అడ్డం పెడతారు. వల అడుగు అంచు ఇసుకలో పూడ్చకపోతే పిల్లలు కిందనుంచి దూరిపోతాయి. వల కన్ను పెద్దదైతే మెడ, రెక్క ఇరుక్కుని, తెల్లారేసరికి ఎండ్రకాయల పాలు. బకెట్లోకి ఏరిన పిల్లల్ని నేరుగా నీళ్ళలో వెయ్యరు. అల అంచుకు కొన్ని గజాల ఇవతల వదిలితే వాటంతటవే నడిచి వెళ్తాయి. అరచేతిలో ఒక్కటీ కుదురుగా ఉండదు, కళ్ళమీద తడి ఇసుకతోనే ఈత కొట్టేస్తుంటుంది. కాకులూ కుక్కలూ చేరకముందే ఈ పనంతా అయిపోవాలి.

ఈ పని చేసేది ఆ తీరంలో తెలుగు మాట్లాడే బెస్త ఊళ్ళవాళ్ళూ, పక్క ఒడియా ఊళ్ళవాళ్ళూ. నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ తీరానికి 20 కిలోమీటర్ల లోపు మరపడవలతో చేపల వేట నిషేధం. వేట మానుకున్నదీ వాళ్ళే, తీరం మూస్తే నాలుగు డబ్బులు పోయేదీ వాళ్ళకే. కాబట్టి మూయొద్దు. చూడవచ్చిన పదిమందికో ఊరి మనిషిని తోడు పంపాలి, వాళ్ళిచ్చే రుసుము ఊరి సంఘం ఖాతాకి పోవాలి. బయటి కాంట్రాక్టరుకిస్తే మార్చిలో టికెట్లు అయిపోగానే వెళ్ళిపోతాడు, గుడ్లు పగిలేది ఏప్రిల్లో.

అయితే ఒడిశాలోనే చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మంగళాజోడి ఊరి పద్ధతి ఇక్కడ అచ్చంగా పనికిరాదు. అక్కడ పక్షుల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు కాపలాదార్లు, పడవవాళ్ళు. పక్షులు ఏటా చలికాలం వస్తాయి గనక రాబడికి లోటుండదు. తాబేళ్ళకు ఆ నమ్మకం లేదు. 2025లో రుషికుల్యకు దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి, ఒక్కో ఏడు మూకుమ్మడిగా రానే రావు. టికెట్ల మీదే బతకమంటే అలాంటి ఏడు వల కట్టేవాడు దొరకడు. అందుకే తాబేళ్ళు వచ్చినా రాకపోయినా ఆ ఊరివాళ్ళకు నెలజీతం ఉండాలి, మే చివరిదాకా.