పిండం ఏ దశలో ఆగింది? కణజాల వర్ధనంలో హార్మోన్ల ప్రశ్నలకు ఇలా చదవండి

కణజాల వర్ధనం (మొక్క కణాలను, ముక్కలను గాజు పాత్రలో పోషక యానకం మీద పెంచడం) చదివే చాలామంది ఒక్క సూత్రం బట్టీ పట్టి అధ్యాయం మూసేస్తారు: ఆక్సిన్ అనే మొక్క హార్మోన్ వాటా ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ అనే మరో హార్మోన్ వాటా ఎక్కువైతే కాండం, రెండూ సరిసమానంగా ఉంటే కాలస్, అంటే రూపం లేని కణాల ముద్ద. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంలో చూపించిన ఈ విషయం అవయవజననం (వేర్లు, కాండం పుట్టడం) వరకే సరిపోతుంది. శాకీయ పిండజననం (ఫలదీకరణ లేకుండా మామూలు శరీర కణాల నుంచే పిండాలు పుట్టడం) మీద ప్రశ్న వస్తే ఇదే కొంప ముంచుతుంది. అక్కడ నిష్పత్తి కన్నా ముందు చూడాల్సింది ఏ హార్మోన్ ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు తీసేశారు అన్నది.

క్యారెట్‌తో మొదలుపెట్టండి. 1958లో స్టీవార్డ్ బృందం, రైనర్ట్ వేర్వేరుగా శాకీయ పిండాలను చూపించింది ఇందులోనే. ఎంఎస్ (మురషిగే-స్కూగ్) పోషక యానకంలో లీటరుకు 1 మి.గ్రా. 2,4-డి అనే కృత్రిమ ఆక్సిన్ ఉంటే కాలస్ ఏర్పడి, అందులో జీవద్రవ్యం చిక్కగా ఉన్న చిన్న కణాల గుంపులు తయారవుతాయి. ఇవే పూర్వపిండ సమూహాలు. అదే యానకంలో ఉంచినంతకాలం అవి గుంపులుగానే పెరుగుతాయి. 2,4-డి లేని యానకంలోకి మార్చాకే గోళాకార, హృదయాకార, టార్పెడో, బీజదళ దశలు వరుసగా కనిపిస్తాయి.

ఎందుకలా? ఈ ఒక్క కారణం పట్టుకుంటే సగం ప్రశ్నలు తేలిపోతాయి. గోళాకార పిండం చుట్టూ ఒకేలా ఉంటుంది. అది హృదయాకారానికి మారాలంటే, పిన్ అనే వాహక ప్రోటీన్లు ఆక్సిన్‌ను రెండు చోట్లకు చేరవేయాలి. ఆ రెండు చోట్లే బీజదళాలు లేస్తాయి. బయట యానకం నిండా 2,4-డి ఉంటే ఈ హెచ్చుతగ్గులు ఏర్పడవు. పైగా 2,4-డి సహజ ఆక్సిన్ ఐఏఏలా కణంలో త్వరగా నిర్వీర్యం కాదు. అందుకే పిండం గోళాకార దశలోనే ఆగిపోతుంది, లేదా మళ్లీ కాలస్‌గా మారుతుంది. టిబా, ఎన్‌పీఏ లాంటి ఆక్సిన్ రవాణా నిరోధకాలు వేసినా చిక్కు ఇదే: బీజదళాలు విడివడకుండా గిన్నెలా కలిసిపోయిన పిండాలు వస్తాయి. ప్రశ్నలో "కలిసిపోయిన బీజదళాలు" అని కనిపిస్తే మీ ఆలోచన ఆక్సిన్ రవాణా వైపు వెళ్లాలి.

ధాన్యపు మొక్కల్లో ఈ దశల పేర్లు రాయకండి, మార్కులు పోతాయి. ఏకదళబీజాల్లో గోళాకార దశ తర్వాత స్కుటెల్లార్ (ఏకైక బీజదళమైన స్కుటెల్లమ్ ఏర్పడే), కోలియోప్టైలార్ (మొలక కొనను కప్పే తొడుగు ఏర్పడే) దశలు. అపరిపక్వ పిండాన్ని స్కుటెల్లమ్ పైకి ఉండేలా, లీటరుకు సుమారు 2 మి.గ్రా. 2,4-డి ఉన్న యానకం మీద పెడతారు. తిరగేసి పెడితే పిండాక్షమే (కాండం, వేరు కాబోయే భాగమే) మొలకెత్తడానికి చూస్తుంది, కాలస్ సరిగా రాదు.

పిండానికీ కాండపు మొగ్గకూ తేడా అడిగితే ధ్రువత్వం రాయండి. పిండానికి కాండాగ్రం, వేరాగ్రం రెండూ ఉంటాయి, మాతృకణజాలంతో నాళికా సంబంధం ఉండదు. మొగ్గకు ఒక్క కాండాగ్రమే, కింద నాళికలు కలిసే ఉంటాయి.

బీజదళ దశకు వచ్చాక పాత్ర అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్‌ది. ఇది నిల్వ ప్రోటీన్లు, ఎండుదనాన్ని తట్టుకునే లియా ప్రోటీన్లు తయారయ్యేలా చేసి, పిండం ముందే మొలకెత్తకుండా ఆపుతుంది. ఇది లేకపోతే పక్వం కాని పిండం తొందరపడి మొలిచి, బలహీనమైన మొక్కను ఇస్తుంది. స్ప్రూస్ లాంటి కోనిఫర్లలో దీన్ని, పిండానికి నీరు తక్కువగా అందేలా చేసే పాలీఇథిలిన్ గ్లైకాల్‌తో కలిపి వాడతారు. పక్వమయ్యాక అబ్సిసిక్ ఆమ్లం లేని యానకంలోకి మార్చాలి. మొలక మందగిస్తే అప్పుడు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మరో హార్మోన్. దీన్నే ప్రేరణ దశలో (పిండాలు పుట్టించే తొలి దశలో) వేస్తే చాలా మొక్కల్లో పిండాలు తగ్గుతాయి. ఒకే హార్మోన్, దశను బట్టి ఎదురు ఫలితం! అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

లెక్కల ప్రశ్నలు వదలకండి. 2,4-డి అణుభారం 221, కాబట్టి లీటరుకు 1 మి.గ్రా. అంటే దాదాపు 4.5 మైక్రోమోలార్. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. నిల్వ ద్రావణం ఉంటే, లీటరుకు 2 మి.గ్రా. గాఢతతో 250 మి.లీ. యానకానికి కావలసింది 0.5 మి.లీ. 2,4-డి పొడి నీటిలో నేరుగా కరగదు. కొద్దిపాటి ఇథనాల్ లేదా 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించాకే నీరు కలపాలి. పీహెచ్ 5.8కి సరిచేసేది అన్నీ కలిపాక, ఆటోక్లేవ్‌కు ముందు. జిబ్బరెల్లిక్ ఆమ్లం వేడికి చెడుతుంది. దాన్ని 0.22 మైక్రాన్ వడపోతతో శుద్ధి చేసి, యానకం చల్లారాక, గట్టిపడకముందే కలుపుతారు.

సాధనకు ఒక ప్రశ్న. 2,4-డి తీసేశారు, గోళాకార పిండాలు వచ్చాయి, కానీ చాలా తక్కువ. యానకంలో నత్రజని మొత్తం నైట్రేట్ రూపంలోనే ఉంది. లోపం హార్మోన్‌దా? కాదు, అమ్మోనియం లాంటి క్షయకరణ చెందిన నత్రజని లేకపోవడం. క్యారెట్ పిండాలకు అది అవసరం, ఎంఎస్ యానకంలో అమ్మోనియం నైట్రేట్ రూపంలో దండిగా దొరికేదీ అదే.