పదికి ఏడు అంటే సంబరపడ్డాను

నిన్న మధ్యాహ్నం నాన్న పొట్టలోంచి ఆఖరి డ్రెయిన్ పైపు తీసేశారు. ఆపరేషన్ అయ్యి 26 రోజులు. రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

కామెర్లు, స్కాన్, స్టెంట్, బయాప్సీ అన్నీ చకచకా అయిపోయాయి. పైత్యరసం గొట్టం, క్లోమరసం గొట్టం కలిసి పేగులో తెరుచుకునే చోట గడ్డ. విప్పుల్స్ ఆపరేషన్ అన్నారు, అంటే గడ్డతో పాటు పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) తల భాగం తీసేసి, మిగిలిన గ్రంథిని పేగుకి అతికి కుట్టడం. హైదరాబాద్‌లో చేయించాం.

సాయంత్రం సర్జన్ గారు బయటికొచ్చి, "గడ్డ మొత్తం తీసేశాం. పాంక్రియాస్ మెత్తగా ఉంది, డక్ట్ రెండు మిల్లీమీటర్లే. ఫిస్టులా స్కోర్ పదికి ఏడు" అని వెళ్లిపోయారు. నా చెవికెక్కింది పదికి ఏడు ఒక్కటే. మెత్తగా ఉందంటే మంచిదేగా, గట్టిపడితేగా జబ్బు! ఫ్యామిలీ గ్రూపులో "నాన్నకి పదికి ఏడు, ఫస్ట్ క్లాస్" అని పెట్టేశా. బావ దండాల బొమ్మలు వరసగా పెట్టాడు. అమ్మ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టించింది.

మర్నాడు పొద్దున ఐసీయూ బయట, పదిమంది పేషెంట్ల తాలూకు వాళ్లు నిలబడి ఉండగా, అన్నీ తెలిసినవాడిలా "సెవెన్ అంటే బాగున్నట్టేగా డాక్టర్" అన్నాను. ఒక జూనియర్ డాక్టర్ ఫక్కున నవ్వాడు. "మార్కులు కాదండీ. ఎంత ఎక్కువైతే అంత డేంజర్." అందరూ నా వంకే చూశారు. నలభై ఏడేళ్లొచ్చి, బ్యాంకులో రోజూ లెక్కలు చూసేవాణ్ణి, అలా తలొంచుకుని నిలబడ్డాను.

తర్వాత డ్యూటీ డాక్టరమ్మ పక్కకి పిలిచి మందుల చీటీ వెనక రాసి చూపించింది. ఫిస్టులా అంటే పాంక్రియాస్‌ని కుట్టిన అతుకు కారడమట, డక్ట్ అంటే పాంక్రియాస్ లోపలి గొట్టమట. మెత్తటి గ్రంథికి 2, గడ్డ పాంక్రియాస్‌లో కాక ఆ గొట్టాల మూతి దగ్గర ఉన్నందుకు 1, రెండు మిల్లీమీటర్ల డక్ట్‌కి 3, అర లీటరు రక్తం పోయినందుకు 1. ఏడు దాటితేనే హైరిస్క్ అని కాదు, ఏడు నుంచే హైరిస్క్. మెత్తటి గ్రంథికి కుట్టు వేయడమంటే వెన్నముద్దకి కుట్టు వేసినట్టేనట. పాంక్రియాస్‌లోనే క్యాన్సర్ వచ్చినవాళ్లకి అది గట్టిపడి ఉంటుంది కాబట్టి కుట్టు బాగా పట్టుకుంటుంది. అతుకు కారితే, అన్నం అరిగించాల్సిన రసం పక్కనున్న రక్తనాళాల్నీ తినేస్తుంది. ఇంత మాట చెప్పడానికి ఆ అమ్మాయికి ఐదు నిమిషాలు పట్టింది. ఆపరేషన్‌కి ముందే మాకెవరూ ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కాదు. సంతకాలు మాత్రం పది చోట్ల పెట్టించుకున్నారు.

ఆ రోజే ఒక నోట్‌బుక్ కొన్నాను. డ్రెయిన్‌లో వచ్చే నీళ్లు ఎన్ని ఎంఎల్, ఏ రంగు, జ్వరం ఎంత, అన్నీ రాశాను. నర్సుల చార్ట్ కన్నా నాదే నీటుగా ఉండేదని సర్జన్ గారే ఒప్పుకున్నారు. మొదటి రోజు డ్రెయిన్ నీళ్లలో అమైలేజ్ (క్లోమరసంలో ఉండే ఎంజైమ్) 6,400. ఐదు వేలు దాటితే జాగ్రత్తపడతారట. మూడో రోజు 2,100. రక్తంలో ఉండాల్సిన గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే లీక్ కింద లెక్క. ఇబ్బందేమీ లేకపోతే ఆ అంకె ఒక్కదాన్నే చూసి ఫిస్టులా అనరు. ఆరో రోజు మాకు ఇబ్బంది వచ్చింది. జ్వరం, పైపులో బియ్యం కడిగిన నీళ్లలాంటి ద్రవం. సీటీ తీశారు, యాంటీబయాటిక్స్ మార్చారు, డ్రెయిన్ అలాగే ఉంచారు.

ఈలోగా ఇన్సూరెన్స్ డెస్క్ ఆయన రోజూ "ఇంకా డిశ్చార్జ్ కాలేదా?" అని అడిగేవాడు. మేమేదో పండక్కొచ్చి ఉండిపోయినట్టు!

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే గ్రంథి మెత్తనా గట్టా, డక్ట్ ఎంత అని నోరు తెరిచి అడగండి. పరామర్శ చుట్టాల్ని గేటు దగ్గరే ఆపండి. డ్రెయిన్‌లో కాస్త ఎర్రగా కనిపించి ఆగిపోయినా సరే, అర్ధరాత్రైనా డాక్టర్‌కి చెప్పండి. చిన్న రక్తస్రావం వెనకే పెద్దది రావచ్చని మాకు మరీ మరీ చెప్పారు.

నాన్న ఇప్పుడు ముద్ద ముద్దకీ ఎంజైమ్ క్యాప్సూల్ ఏమిటని విసుక్కుంటున్నారు. గ్రూపులో నా ఫస్ట్ క్లాస్ మెసేజ్ ఇంకా అలాగే ఉంది. డిలీట్ చేసే టైమ్ దాటిపోయింది.