508 నంబరు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర గడియారాలు బాగుచేస్త. షుగరు, బీపీ కలిసి కిడ్నీలను దెబ్బతీసినయని మూడేండ్ల కింద తెలిసింది. కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్, 2.4 వచ్చింది. ఉప్పు తగ్గించమన్నరు. నేను పెద్ద తెలివిమంతుని లెక్క 'లో సోడియం' అని రాసున్న ఉప్పు కొన్న. బీపీకి మంచిదని షాపాయన అన్నడు గదా అని ధీమాగ చల్లుకున్న.

గప్పుడే బిడ్డ కాన్పుకని మా ఆమె హైదరాబాద్ పోయింది. రెండు నెలలు కర్రీ పాయింటే దిక్కు. టమాట పప్పు, పాలకూర, ఆలుగడ్డ వేపుడు. ఒక పొద్దున షట్టర్ ఎత్తబోతే చేతుల్ల సత్తువ లేదు. ఆస్పత్రిల రక్తంల పొటాషియం 6.3 వచ్చింది, శానా ఎక్కువ. ఈసీజీ తీసి, మంచమెక్కించి, సూదులేసిండ్రు.

"ఇంట్ల ఏం ఉప్పు వాడుతున్నరు?" అనడిగింది డాక్టరమ్మ. చెప్పిన.

"దాంట్ల సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతరు. కిడ్నీలు మంచిగున్నోళ్ళకు పర్వాలేదు. మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నయ్."

మూడు రోజులకు ఇంటికొచ్చిన. అప్పటిసంది గడియారం పనికి కంటికి పెట్టుకునే భూతద్దం ప్యాకెట్లకు కూడా పనికొస్తున్నది. పక్క షాపు పిల్లగాడు తినే నూడుల్స్ కవరు మీద, అందుల కలిపిన వాటి నంబర్లు 508, 501, 451 ఉన్నయ్. 508 అంటే అదే పొటాషియం క్లోరైడ్! 501 కూడా పొటాషియమే. 451 ఫాస్ఫేటు, అంటే ఫాస్ఫరస్, దాన్ని కూడా పాడైన కిడ్నీలు సరిగ బయటికి పంపలేవు. పప్పుల ఉండే ఫాస్ఫరస్‌ల సగమో ఎంతో ఒంటికి పడుతది, ఇట్ల కలిపింది దాదాపు మొత్తం పడుతదట. సోడియం అంకె లేబుల్ మీద ఉంటది, పొటాషియం అంకె చాలా వాటి మీద ఉండనే ఉండదు. అందుకే నంబర్లు ఎతుకుడు. సోడియం కూడా 100 గ్రాములకని రాస్తరు, మనం తినేది ఎంతో లెక్కేసుకోవాలె. నాకు దినానికి 2000 మిల్లీగ్రాములు, అంటే అన్నిట్ల కలిపి 5 గ్రాముల ఉప్పు, ఒక చిన్న చెంచాడు.

కర్రీ పాయింట్ కూరకు లేబుల్ ఏడిది? అడుగుడే. దేంట్ల ఎంత ఉప్పు, సోడా ఏస్తరా, టమాట ఎన్ని అని మొదటి దినం అడుగుతుంటే కర్రీ పాయింట్ అక్కకు కోపమొచ్చింది. "అన్నా, కూర కొంటున్నవా, జనాభా లెక్కలు రాస్తున్నవా?"

నవ్వొచ్చింది, సిగ్గు కూడా అయింది. సంగతి మొత్తం చెప్పిన. టమాట, పాలకూర, ఆలుగడ్డల పొటాషియం ఎక్కువ, సోరకాయ, బీరకాయ అయితే నాకు పర్వాలేదు. ఆలుగడ్డ తినబుద్ధయితే ఇంట్లనే సన్నగ కోసి, శానా నీళ్ళల్ల ఉడికించి, పొటాషియం కొంత దిగిన ఆ నీళ్ళు పారబోసి చేసుకుంట. కొసరుగ ఇచ్చే మామిడికాయ తొక్కు వద్దంట. ఆ ఒక్కటే బాధ.

పోయిన నెల పొటాషియం 4.7. క్రియాటినిన్ 2.4 కాడనే నిలబడ్డది, తగ్గదట, పెరగకుంటే చాలన్నరు. మా ఆమె మనుమని కోసం పోతనే ఉన్నది, నేను కర్రీ పాయింట్‌కు పోతనే ఉన్న. అక్క ఇప్పుడు ఉప్పెయ్యకముందే కొంత సోరకాయ కూర తీసి పక్కన పెడుతది. అందరి కవర్లకు పచ్చ రబ్బరు బ్యాండు, నా కవరుకు ఎర్రది.