పెన్షన్ వయసులో ఘనా మిషను: కాగితాల నుంచి దోమతెర దాకా

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘములో మిషనరీ అంటే తెల్లచొక్కా వేసి, నల్ల నేమ్ ట్యాగ్ పెట్టుకుని ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లే గుర్తొస్తారు. రిటైరైన దంపతులు కూడా వెళ్లొచ్చని, వాళ్ల కోసం ఎదురుచూసే మిషన్లు (మిషనరీలు పనిచేసే ప్రాంతాలు) చాలా ఉన్నాయని మన వార్డుల్లో, అంటే స్థానిక సంఘాల్లో, తెలిసినవాళ్లు తక్కువ. భారతదేశంలో మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. అప్పుడు పిల్లల చదువుల్లో మునిగి ఉన్నవాళ్లు ఇప్పుడు పదవీ విరమణ వయసుకి వస్తున్నారు. హైదరాబాదు నుంచి 18 నెలల పిలుపు (సంఘం ఇచ్చే మిషను నియామకం) మీద ఘనా వెళ్లొచ్చిన మేము, వాళ్లకి పనికొస్తాయనుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాం. పెద్ద వయసులో వెళ్లినవాళ్లని మధ్యలో వెనక్కి లాగేవి అక్కడి ఎండా కాదు, తిండీ కాదు. ఇక్కడ చక్కబెట్టకుండా వదిలేసిన పనులే లాగుతాయి. అందుకే ఇందులో సగానికి పైగా బయలుదేరకముందు సంగతులే.

ముందు వార్డుని నడిపించే బిషప్పు గారితో మాట్లాడాలి. ఆన్‌లైన్ దరఖాస్తు, డాక్టరు పరీక్ష, పళ్ల డాక్టరు పరీక్ష అయ్యాక బిషప్పు, తర్వాత స్టేకు అధ్యక్షులు ఇంటర్వ్యూ చేసి దరఖాస్తుని సాల్ట్ లేక్ సిటీలోని సంఘ ప్రధాన కార్యాలయానికి పంపుతారు. ఇంట్లో మన మీద ఆధారపడే పిల్లలు ఉండకూడదు. ఎలాంటి పని, ఎన్ని నెలలు, ఎలాంటి చోటు కావాలో కోరుకోవచ్చు. పిలుపు మాత్రం ఎక్కడికైనా రావచ్చు.

ఆరోగ్యం ఫారం దగ్గర మొహమాటం అసలు పనికిరాదు. బీపీ మాత్ర మోతాదు, మోకాళ్ల నొప్పి, నిద్రలో పెట్టుకునే మెషీను, ఫ్రిజ్‌లో ఉంచాల్సిన ఇన్సులిన్, అన్నీ రాయాలి. రాస్తే పిలుపు రాదేమోనని కొందరు దాస్తారు. ఆ ఫారం చూసే ఏ దేశానికి పంపాలో తేలుస్తారు. దాచినవాళ్లు గుండె డాక్టరు అందుబాటులో లేని ఊళ్లో తేలితే ఇబ్బంది వాళ్లొక్కరిది కాదు, మిషన్ మొత్తానిది.

ఖర్చు మనదే. అద్దె, తిండి, మందులు, ఇన్సూరెన్స్ కలిపి నెలకి ఎంతవుతుందో ఆ మిషన్ నుంచి అంచనా వస్తుంది. 2011లో అద్దె వగైరా నివాస ఖర్చుకి నెలకి 1,400 డాలర్ల పరిమితి పెట్టి, ఆ పైది సంఘం భరించేలా మార్చారు. 18 నెలలకన్నా తక్కువ కాలానికి విదేశం వెళ్తే రానుపోను టికెట్లు మనమే కొనుక్కోవాలని కూడా అప్పుడే చెప్పారు. ఇప్పుడు వర్తించే అంకెలు మీ పిలుపుతో వచ్చే కాగితాల్లో చూసుకోండి. ఒక్క పెన్షన్ మీద ఇది తేలిక కాదు. పిల్లల్ని కూర్చోబెట్టి లెక్క ముందే తేల్చుకోవాలి.

ఇక పేర్లు. మన తెలుగువాళ్లకి అన్నిటికన్నా ఎక్కువ నెలలు తినేసేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరుకి పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాత పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఆడవాళ్లకైతే చదువు కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. వీసా అధికారికి ఇవన్నీ వేరువేరు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. కాబట్టి పాస్‌పోర్టుతో మొదలుపెట్టి, మిగతావన్నీ దాని స్పెల్లింగుకి సరిచేయించుకోండి. పాస్‌పోర్టు గడువు మిషన్ ముగిశాక కూడా ఆరు నెలలైనా మిగలాలి. అనుమానంగా ఉంటే ముందే రెన్యువల్ చేయించండి, ఎందుకంటే పసుపు జ్వరం టీకా సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరే వేస్తారు. టీకా తర్వాత పాస్‌పోర్టు మారితే పాతది కూడా వెంట తిప్పుకోవాలి.

తర్వాతది పెళ్లి సర్టిఫికెట్. దంపతులుగా వెళ్తున్నాం కాబట్టి దాన్ని తప్పనిసరిగా అడుగుతారు. సంఘ దేవాలయంలో దంపతులుగా బంధించబడిన రికార్డు సంఘానికి సరిపోతుంది, ప్రభుత్వానికి సరిపోదు. చర్చిలో పెళ్లయినవాళ్లు అప్పటి రిజిస్టరు వివరాలతో అధికారిక నకలు తెచ్చుకోవాలి. హిందూ పద్ధతిలో పెళ్లయి తర్వాత సంఘంలో చేరినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల పెళ్లి ఎన్నేళ్ల కిందటిదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫోటో, వయసు రుజువులు, సాక్షులు కావాలి. శుభలేఖ దొరక్కపోతే ఏం తేవాలో ముందుగా ఒకసారి వెళ్లి కనుక్కోండి. ఒక్కో ఆఫీసులో ఒక్కోలా అడుగుతారు. ఆ సర్టిఫికెట్‌కి ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, దాని మీద విదేశాంగ శాఖ ముద్ర పడాలి. వెళ్లే దేశం హేగ్ ఒప్పందంలో (ఒకరి ప్రభుత్వ కాగితాల్ని ఒకరు ఒకే ముద్రతో ఒప్పుకునే దేశాల ఒప్పందం) ఉంటే అపోస్టిల్ అనే ఆ ముద్రతో సరిపోతుంది, లేకపోతే ఆ దేశపు ఎంబసీలో కూడా అటెస్టేషన్ చేయించాలి. వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

పోలీసు క్లియరెన్స్ మాత్రం తొందరపడి తీసుకోవద్దు. పాస్‌పోర్టు సేవా ద్వారా 500 రూపాయలతో అయిపోతుంది, కానీ చాలా దేశాలు ఆరు నెలల లోపుదే ఒప్పుకుంటాయి.

టీకా సంగతి అరవై దాటినవాళ్లు జాగ్రత్తగా చదవాలి. పసుపు జ్వరం టీకా సర్టిఫికెట్ లేకుండా ఘనాలోకి రానివ్వరు. అది లేకుండా అక్కణ్నుంచి తిరిగొస్తే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జులై నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుబాటే. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసే టీకా. అరవై దాటాక మొదటిసారి వేసుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదే గానీ, కుర్రవాళ్లతో పోలిస్తే ఎక్కువ. గుడ్డు పడనివాళ్లు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఆ క్యూలో నిలబడకూడదు. అందుకే ఈ మాట వీసా దశలో కాకుండా దరఖాస్తు దశలోనే ఎత్తమంటున్నాం. టీకా వేసుకోలేనివాళ్లకి ఆ అవసరం లేని దేశాలు ఎన్నో ఉన్నాయి.

ఇంటి పనుల్లో మొదటిది ఫోన్ నంబరు. బ్యాంకు, పెన్షన్, ఆధార్, ఇన్సూరెన్స్ అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. రోమింగ్ ఆన్ చేయించి, ఘనాలో ఆ కంపెనీ సిగ్నల్ ఉంటుందో లేదో కనుక్కుని, రీచార్జి గడువు పిల్లల క్యాలెండర్‌లో రాయించండి. సిమ్ ఆగిపోతే దూరం నుంచి తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఫోన్లోనే ఇవ్వొచ్చు. కేంద్ర పెన్షనర్లకి అది నవంబరు పని. రాష్ట్ర పెన్షనర్లు తమ ట్రెజరీ గడువు, పద్ధతి విడిగా అడగాలి. కుదరకపోతే ఘనా రాజధాని ఆక్రాలోని భారత హైకమిషన్‌లో సంతకం చేయించుకోవచ్చు. మిషన్ ఊరు దూరమైతే అక్కడికి వెళ్లే రోజు ముందే ఖాయం చేసుకోండి.

ఇక్కడి హెల్త్ పాలసీ విదేశంలో సాధారణంగా పనికిరాదు, కాబట్టి దండగ అనిపిస్తుంది. మానేయకండి. ఒకసారి తెగితే పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, గరిష్ఠంగా మూడేళ్లు, మళ్లీ మొదలవుతుంది. తిరిగొచ్చేసరికి మన వయసు ఇంకొంచెం పెరిగి ఉంటుంది, ఇన్సూరెన్స్ అసలు అవసరం అప్పుడే. అక్కడి వైద్యానికి మిషన్ తరఫున వేరే పాలసీ ఉంటుంది.

మిషనరీలకి ఇచ్చే శిక్షణ ఆన్‌లైన్‌లోనైతే అమెరికాలోని ఉటా సమయాన్ని బట్టి నడుస్తుంది. అక్కడ ఉదయం 8 అంటే మనకి చలికాలంలో రాత్రి 8:30, ఎండాకాలంలో 7:30. చివర్లో స్టేకు అధ్యక్షులు తలమీద చేతులుంచి మిషను సేవకి ప్రత్యేకపరుస్తారు. అప్పటినుంచి మిషనరీలమే.

ఘనాలో దిగగానే అలవాటు తప్పేది రోడ్డు. 1974 ఆగస్టులో ఆ దేశం ఎడమ నుంచి కుడికి మారింది. స్టీరింగు ఎడమవైపు, గేరు కుడిచేతికి. హైదరాబాదులో నలభై ఏళ్లు నడిపిన చేయి ఇండికేటర్ అనుకుని వైపర్ నొక్కుతుంది. అదేం ప్రమాదం కాదు. ఖాళీ రోడ్డు మీద ఎడమకి తిరిగేటప్పుడు పాత అలవాటుతో ఎదుటివాళ్ల వరసలోకి వెళ్లడమే ప్రమాదం. మొదటి వారాల్లో పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ప్రతి మలుపు దగ్గరా 'కుడివైపు' అని పైకి అనాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏలో తీసుకోవచ్చు, కానీ ఏడాదికే చెల్లుతుంది. కాబట్టి అక్కడి లైసెన్సు సంగతి మిషన్ ఆఫీసులో చేరిన వెంటనే అడగండి.

తిండికి బెంగ అక్కర్లేదు. బెండకాయ, వంకాయ, అరటికాయ అన్ని మార్కెట్లలోనూ ఉంటాయి. వాళ్ల కొంటొమిరే మన చేమాకు జాతిదే. దాన్ని బాగా ఉడికించాలి, లేకపోతే గొంతు దురద పెడుతుంది. చింతపండు వేసి పులుసు పెడితే ఇంటి రుచే. మిరపకాయ మాత్రం గుంటూరు కారం తిన్నవాళ్లకైనా ఒక్కటి చాలు. కందిపప్పు ఆక్రాలోని భారతీయ దుకాణాల్లో దొరుకుతుంది. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదన్నది మనకి కొత్త కాదు. ఎదురుపడగానే ముందు పలకరింపు, ఆ తర్వాతే పని అన్నది మాత్రం అక్కడ ఇంకా గట్టి పట్టింపు.

సీనియర్ దంపతులకి కుర్రాళ్ల టైమ్‌టేబుల్ ఉండదు. ఇంటింటికీ తిరగాలన్న నియమమూ లేదు. పిల్లలతో ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు. ఆఫీసు లెక్కలు, నర్సు పని, మానవతా సహాయం, సెమినరీ (యువతకి లేఖనాల తరగతులు), దేవాలయ సేవ, ఇలా పిలుపుని బట్టి పని. అన్నిటికన్నా తక్కువగా చెప్పుకునేది, మా దృష్టిలో ఎక్కువ మేలు చేసేది, యువ మిషనరీల ఇళ్లు చూసుకునే పని.

ఇంట్లో అడుగు పెట్టగానే ముందు దోమతెరలు చూడాలి. తెర కట్టి ఉంటే సరిపోదు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే తప్ప చిన్న చిరుగులు కనిపించవు. అంచులు పరుపు కిందకి దోపారా లేదా, నిద్రలో చేయి తెరకి ఆనేంత ఇరుగ్గా ఉందా అన్నదీ చూడాలి, ఎందుకంటే ఆనిన చోట దోమ బయటి నుంచే కుడుతుంది. చిరుగుకి సూది దారం చాలు, అవి ఎప్పుడూ సంచీలో ఉండాలి. తర్వాత నీళ్ల ఫిల్టరు క్యాండిల్, పైన ట్యాంకు మూత, గ్యాస్ గొట్టం మీద పగుళ్లు. కరెంటు మీటరు ప్రీపెయిడ్. యూనిట్లు రాత్రిపూట అయిపోతే ఫ్యాను ఆగుతుంది, కుర్రాళ్లు ఉక్క భరించలేక తెర పైకెత్తి పడుకుంటారు, రెండు వారాల్లో ఒకరికి మలేరియా జ్వరం. మీటరులో ఎన్ని యూనిట్లు మిగిలితే ఫోన్ చేయాలో గోడ మీద రాసి పెట్టడం మందులతో సమానం. వోల్టేజి ఎగుడుదిగుడులకి ఫ్రిజ్‌ల కంప్రెసర్లు పోతాయి, స్టెబిలైజర్ లేకుండా ఫ్రిజ్ పెట్టనివ్వకండి.

మలేరియా రాకుండా మనం వేసుకునే మాత్రలకీ జాగ్రత్తలున్నాయి. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజూ వేసుకునేవాళ్లు గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంటైనా నడుం వాల్చకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో పుండు పడొచ్చు. పెద్దవాళ్లలో చాలామంది కాల్షియం, ఐరన్, యాంటాసిడ్ వాడతారు. వాటితో కలిపి వేసుకుంటే డాక్సీసైక్లిన్ ఒంటికి పట్టదు, రెండు మూడు గంటల ఎడం ఉండాలి.

ఘనా చరిత్ర కొంచెం తెలుసుకుని వెళ్లాలి. 1978లో నల్లజాతి పురుషులకీ యాజకత్వం (సంఘంలో దేవుని పని చేసే అధికారం) ఇవ్వొచ్చన్న ప్రకటన వచ్చాక, పశ్చిమ ఆఫ్రికాకి మొదట పంపినది సీనియర్ దంపతుల్నే: రెండెల్, రేచెల్ మేబీలు, ఎడ్విన్, జానాత్ కానన్‌లు. వాళ్లు వెళ్లేసరికి కేప్ కోస్ట్‌లో జోసెఫ్ విలియం బిల్లీ జాన్సన్ ఏళ్ల తరబడి బోధిస్తూ, బాప్తిస్మం కోసం ఎదురుచూసే జనాన్ని సిద్ధం చేసి ఉంచారు. తర్వాత 1989 జూన్ నుంచి 1990 నవంబరు దాకా ప్రభుత్వం సంఘ కార్యకలాపాల్ని నిషేధించింది. విదేశీ మిషనరీలు లేని ఆ కాలంలో కుటుంబాలు ఇళ్లలోనే సంస్కారం (ఆరాధనలో తీసుకునే రొట్టె, నీళ్లు) తీసుకుంటూ నిలబడ్డాయి. 2004 జనవరిలో ఆక్రా దేవాలయం ప్రతిష్ఠించబడింది. అలాంటి చోట మీటింగు నడపడం, నిర్ణయాలు చెప్పడం మన పని కాదు. బ్రాంచి (వార్డుకన్నా చిన్న స్థానిక సంఘం) అధ్యక్షుడు మన కొడుకు వయసువాడైనా సరే, అతను అడిగింది చేసి పెట్టడమే సహాయం. లెక్కల పుస్తకం ఎలా రాయాలో క్లర్కుకి నేర్పి, పెన్ను అతని చేతిలోనే ఉంచాలి. మనం రాసిస్తే మనం వెళ్లిన నెలకే ఆ పని ఆగిపోతుంది.

తిరుగు ప్రయాణంలో టీకా సర్టిఫికెట్ హ్యాండ్ బ్యాగులో ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. డాక్సీసైక్లిన్ ఘనా వదిలాక కూడా నాలుగు వారాలు వాడాలి. వచ్చాక నెలల తర్వాత జ్వరం వచ్చినా 'వైరల్' అని ఊరుకోకండి. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చామని డాక్టరుకి మీరే ముందు చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.