దీపానికి అడ్డం

"అబ్జార్బెన్స్ కొలిచావా?" అని మొన్న గ్రూప్ మీటింగ్‌లో అందరి ముందూ అడిగేసింది మా ల్యాబ్ మేడమ్. ద్రావణం ఎంత లైటు మింగుతోందో కొలవడమన్నమాట. లేదన్నాను. "మరి ఇది క్వెంచింగే అని నీకెలా తెలుసు?" అనేసి పక్క కుర్రాడి వైపు తిరిగింది, అంతే, మూడు నెలల పని.

మా పర్లాకిమిడిలో మాస్టారైతే వరండాలోకి పిలిచి, టీ తాగావా అని అడిగి, "ఇంకోసారి చూసుకో బాబూ" అనేవారు. తిట్టు అందులోనే ఉండేది. ఆయనే బెత్తం కూడా వాడేవారనుకోండి, జర్మనీ వచ్చాక అది మర్చిపోతుంటాను.

నా పని క్వాంటమ్ డాట్స్‌తో. 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది వీటికే. నానోమీటర్లలో ఉండే గింజలు, అల్ట్రావయొలెట్ లైటు పడితే వెలుగుతాయి, చిన్నవి పచ్చగా, పెద్దవి ఎర్రగా. నావి కాడ్మియం టెల్యురైడ్‌వి, నారింజ రంగు. అందులో డోపమైన్ అనే మెదడు రసాయనం వేస్తే, క్షారం ఉన్న నీళ్లలో అది క్వినోన్ అనే ఇంకో పదార్థంగా మారి డాట్ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, వెలుగు తగ్గుతుంది. ఇలా ఆర్పడమే క్వెంచింగ్. ఎంత తగ్గిందో చూసి డోపమైన్ ఎంతుందో లెక్కకడతాం. క్వెంచింగ్ లెక్కలకి వాడే 1919 నాటి స్టెర్న్-ఫోల్మర్ సమీకరణంతో గీత గీస్తే తాడు లాగి కట్టినట్టు వచ్చింది. మురిసిపోయి ఇంటికి ఫోన్ కూడా చేశాను.

"ఏటి చేస్తన్నావురా అక్కడ?"

"వెలుగు ఆర్పుతున్నానమ్మా."

"ఆర్పడమేట్రా, కొండెక్కింది అనాలి!"

మీటింగయిన రాత్రి రూముకి వెళ్లబుద్ధి కాలేదు. వెళ్లి ఎవరితో చెప్పుకోవాలి? 1936లో మా ఊరు ఒడిశా వైపు పడింది, ఇంట్లో మాట మాత్రం తెలుగే. దాంతో ఇక్కడ ఒడియా వాళ్ల పూజలో నేను తెలుగోణ్ణి, మనవాళ్ల ఉగాదిలో ఒడిశా అబ్బాయిని. ల్యాబ్‌లోనే కూర్చుని, ద్రావణం పోసి కొలిచే చిన్న గొట్టాలు, క్యువెట్లు, పై అంచు పట్టుకుని ఒక్కొక్కటే తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను. డోపమైన్ ఎక్కువ పడ్డవన్నీ పలచటి టీ డికాక్షన్ రంగు తిరిగి ఉన్నాయి. ఆ రంగే లోపలికెళ్లే లైటునీ, బయటికొచ్చే వెలుగునీ కొంత మింగేస్తోంది. ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు, ఎమ్మెస్సీలో చదివిందే. దీపం కొండెక్కడం వేరు, దీపానికి అడ్డంగా మనిషి నిలబడటం వేరు. దూరం నుంచి చూసేవాడికి రెండూ చీకటే. అబ్జార్బెన్స్ కొలిచి, దాని లెక్క తీసేస్తే కదా అసలు క్వెంచింగ్ ఎంతో తెలిసేది!

ఆవిడ అన్నది నిజమే. ఒప్పుకుంటాను. కానీ ఆ ముక్క విడిగా పిలిచి చెబితే ఏం పోయేది? నాలుగు రోజులుగా ఇదే నములుతున్నాను.

మర్నాడు పొద్దున్న అబ్జార్బెన్స్ కొలిచే స్పెక్ట్రోమీటర్ బుకింగ్ షీట్ చూస్తే రెండు వారాల దాకా ఖాళీ లేదు. గురువారం మాత్రం ఆవిడ పేరు కొట్టేసి, పక్కన నా పేరు ఆవిడ చేతిరాతతోనే రాసి ఉంది. రోజంతా. నాతో ఒక్క మాట లేదు. థాంక్స్ చెబుదామని వెళితే స్క్రీన్ మీంచి తలెత్తకుండా "దేనికి?" అంది, నిజంగానే తెలియనట్టు.