రెండు బిళ్లలు, ఒకే చప్పుడు

పర్లాకిమిడిలో ఉంటున్న మా మేనల్లుడు బడిలో ఒడియాలో విన్న పాఠాన్ని ఇంటికి వచ్చి నన్ను తెలుగులో అడుగుతుంటాడు. క్షితిజ సమాంతరంగా, అంటే నేలకు సమాంతరంగా, విసిరిన వస్తువు గురించి మొన్న, "జోరుగా విసిరితే ఆలస్యంగా కింద పడాలి కదా మామయ్యా?" అన్నాడు.

మాటలతో తేలదని తోచి, స్కేలును సగం బల్ల మీద, సగం గాలిలో ఉండేలా బల్ల అంచుకు ఏటవాలుగా ఉంచి, బయటి కొస మీద ఒక రూపాయి బిళ్లను, బల్ల అంచున స్కేలుకు ఆనించి మరొక బిళ్లను పెట్టి, స్కేలును వేలితో పక్కకు చురుగ్గా కొట్టాను. మొదటిది ఆధారం తప్పి నిలువుగా పడింది. రెండోది గోడవైపు దూసుకుపోయింది. గచ్చు మీద వినిపించిన 'టక్' మాత్రం ఒక్కటే. (తొలిసారి రెండు చప్పుళ్లయ్యాయి, స్కేలు పైకి లేచి బిళ్లను కొంచెం ఎగరేసింది.)

గురుత్వాకర్షణ వేగాన్ని నిలువు దిశలోనే పెంచుతుంది, ముందుకు పోయే వేగాన్ని అది ముట్టుకోదు. మా బల్ల ఎత్తు 78 సెంటీమీటర్లు. ఎత్తును మీటర్లలో (0.78) తీసుకుని, రెట్టింపు చేసి, గురుత్వ త్వరణమైన 9.8తో (పడే వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) భాగించి వర్గమూలం తీస్తే పడే కాలం దాదాపు 0.4 సెకను. సెకనుకు 2 మీటర్ల వేగంతో బయలుదేరిన బిళ్ల 80 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. వేగం రెట్టింపైతే దూరం 160 అవుతుంది, కాలం మారదు. కాలాన్ని రెట్టింపు చేయాలంటే బల్ల నాలుగు రెట్లు ఎత్తుండాలి. ముందుకూ కిందికీ సాగే ఈ రెండు చలనాలు కలిసిన దారి పరావలయమనే వంపు గీత అని గెలీలియో 1638లోనే ప్రకటించాడు.

కాగితపు ఉండతో ఈ లెక్క కుదరదు, గాలి అడ్డుపడుతుంది. రెండో బిళ్ల ఇప్పటికీ బీరువా కిందే ఉంది.