పీర్లకు అధికమాసం లేదు

మా జేజికి క్యాలెండరు చదవడం రాదు. అయినా పీర్ల పండగ ఎప్పుడని మా వీధంతా ఆమెనే అడిగేది. బక్రీదు దాటి ఎన్ని రోజులైందో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుని, అమావాస్య పోయిన మర్నాడో ఆ మర్నాడో పొద్దుగూకే వేళకు మిద్దె ఎక్కి పడమటి దిక్కు చూసేది. నెలవంక కనపడితే కొంగు తలమీదికి లాక్కుని, అరచేతులు మొహానికి రాసుకుని, దిగొచ్చి ఒక్క మాటే అనేది: "వచ్చినారు."

ఆ సాయంత్రమే చావిడి ముందర గుండానికి గుద్దలి పడేది.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే, నమాజులో మాత్రం అరబ్బీ, అదీ మా జేజి అయితే సగం మింగేసేది. అనంతపురం జిల్లాలో శెనక్కాయ పండే ఊరు మాది. మా ఊళ్లో పెద్ద పీరును ఎత్తేది బోయవాళ్లింటి మనిషి. ఫాతెహా చదివేది చావిడి చూసుకునే ముజావరు. గుండానికి కట్టెల బండి మొక్కుకునేది కాపులు. చిన్నప్పుడు ఇది తురకల పండగని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేదాన్ని కాదు. మా జిల్లాలో నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గరికి వచ్చే జనాన్ని చూసినవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. నా క్లాసులో ఏటా ఒక కుళ్లాయప్పో, హుసేనప్పో, పీరమ్మో ఉంటారు, వాళ్లలో ముక్కాలు మంది హిందువులు.

మా అన్న కువైట్‌లో పన్నెండేళ్లు బండి తోలి వచ్చాక ఇంట్లో మొహర్రం రెండయింది.

"పీర్లకు దండం పెట్టడం షిర్కు, అల్లాకు సాటి కల్పించడం. పీర్ల ముందు ఫాతెహా చదివించిన మలీద తీపి నాకొద్దు. తొమ్మిది, పది రోజా ఉంటా, అదీ సున్నత్, ప్రవక్త చూపిన పద్ధతి" అన్నాడు. ఆ మాట అనే మనిషి పేరులోనే పీరా ఉంది. ముగ్గురు బిడ్డలు దక్కకుండా పోయాక చావిడిలో మొక్కుకుంటే పుట్టినవాడు మరి. పాస్‌పోర్టులోనూ అదే పేరు. ఆ మాట మేమెవరమూ వాడి ముందు ఎత్తం.

వాణ్ని కొట్టిపారేద్దామని నేను పుస్తకాలు తెచ్చి చదివాను. చదివితే చాలా వరకు వాడు చెప్పిందే ఉంది. మొహర్రం అన్న మాటకే నిషిద్ధమైనది, పవిత్రమైనది అని అర్థం. మనం తిట్టుకు వాడుకునే హరాం, మక్కాలో హరం, ఇవన్నీ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. ఖురాన్‌లో తౌబా సూరా (అధ్యాయం) 36వ వాక్యంలో నెలలు పన్నెండని, అందులో నాలుగు పవిత్రమైనవని ఉంది. ఆ నాలుగూ ఏవో ప్రవక్త తన చివరి హజ్ ప్రసంగంలో చెప్పారు. జుల్‌ఖాదా, జుల్‌హజ్జా, మొహర్రం వరసగా మూడు. రజబ్ విడిగా ఒకటి. కత్తి ఒరలో పెట్టాల్సిన నెలలవి. హజ్‌కు బయల్దేరడానికొకటి, హజ్‌కొకటి, ప్రాణాలతో ఇల్లు చేరడానికొకటి. ఎడారి దారుల్లో దోపిడీలు మామూలైన రోజుల్లో ఆ మూడు నెలల పూచీ ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు.

లెక్కల పంతులమ్మను కదా, నన్ను పట్టుకుంది ఆ తర్వాతి వాక్యం. వరసగా మూడు నెలలు కొట్లాట లేకుండా ఉండటం అరబ్బు తెగలకు కష్టమయ్యేది. అందుకని ఈ ఏటికి మొహర్రం పవిత్రతను సఫర్ నెలకు జరుపుకుందామని వాయిదా వేసుకునేవాళ్లు. దాన్ని నసీ అంటారు. అది మన అధికమాసం లాగా నెల కలపడమేనని చెప్పిన పండితులూ ఉన్నారు. ఏదైతేనేం, 37వ వాక్యం దాన్ని వద్దనేసింది. నెలను మీ సౌకర్యానికి జరుపుకునేది లేదు.

దాని ఫలితం మా జేజి మిద్దె మీద నిలబడి చూసిందే. చంద్రుడి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులు. సూర్యుడికి ఇంకా పదకొండు రోజులు కావాలి. మన పంచాంగం ఆ బాకీని రెండున్నరేళ్లకో మూడేళ్లకో ఒక అధికమాసం పెట్టి తీర్చేస్తుంది. అందుకే వినాయకచవితి ఎప్పుడూ వానల్లోనే, సంక్రాంతి సంగతి సరేసరి. ముస్లింల హిజ్రీ లెక్కలో బాకీ తీర్చడమే లేదు. మొహర్రం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతా, ముప్పై మూడేళ్లకు అన్ని కాలాలూ తిరిగొస్తుంది. "పీర్లకు అధికమాసం లేదే" అనేది మా జేజి. ఖురాన్‌లో 37వ వాక్యం ఉందని ఆమెకు తెలీదు.

1992లో నాకు పదేళ్లు. ఆ ఏడు పీర్లు జూలైలో వచ్చినాయి. శెనక్కాయ విత్తనానికి పదును కోసం ఊరంతా మబ్బు చూస్తోంది. గుండం తవ్విన రాత్రి వాన పడి అది నిండితే, మా నాయన ఏడుపో నవ్వో తెలియని మొహంతో బొక్కెనతో నీళ్లు తోడాడు. 1998లో అదే పండగ మే నెల ఎండలో వచ్చింది. ఎండకు తోడు గుండం సెగ, మా అమ్మ సొమ్మసిల్లింది. 2009లో అయితే రెండుసార్లు వచ్చింది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి. ఒకే ఏడు రెండు మార్లు చలిలో గుండం చుట్టూ చేరాం. ఆ ఏడు నాకు రెండు సెలవులొచ్చినాయి. 2025లో మాత్రం జూలై 6, ఆదివారం! ముప్పై మూడేళ్లకు తిరిగొచ్చి కూడా ఒక సెలవు మింగేసింది.

అదే రోజు తొలి ఏకాదశి. అంతకు ముందేడు జూలై 17న కూడా రెండూ కలిసే వచ్చినాయి. వింతేమీ కాదు. నెలవంక నుంచి పదో రోజంటే మన లెక్కకు ఏకాదశో ద్వాదశో అవుతుంది. మొహర్రం ఆషాఢంలో పడితే, ఆశూరా, అంటే ఆ పదో రోజు, తొలి ఏకాదశికి దగ్గర్లోనే పడుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం దూరి ఈ జతను విడగొడుతుంది.

ఆషాఢంలో మనవాళ్లు పెళ్లిళ్లు చెయ్యరు. మొహర్రంలో మావాళ్లు చెయ్యరు. అన్న దీనికీ ఒప్పుకోడు, నెల అశుభం అనడానికి ఆధారం చూపించమంటాడు. నిజమే, ఆధారం లేదు.

ఒక్క విషయంలోనే వాడికీ అమ్మకూ కుదరదు. ఆశూరా ఉపవాసం కర్బలా యుద్ధం కంటే పాతది. మూసా ప్రవక్తనూ ఆయన జనాన్నీ అల్లా ఈజిప్టు రాజు ఫిరౌన్ చేతి నుంచి కాపాడిన రోజని మదీనాలో యూదులు ఉపవాసం ఉంటుంటే, ముహమ్మద్ ప్రవక్త తానూ ఉండి, తనవాళ్లనూ ఉండమన్నారు. రంజాన్ రోజాలు విధి అయ్యాక ఇది ఇష్టమైనవాళ్లు ఉండేదయింది. ఇది కృతజ్ఞత రోజు, ఏడ్చే రోజు కాదంటాడు అన్న. కానీ హిజ్రీ 61లో, అంటే 680లో, అదే పదో రోజున, కత్తి దూయకూడని ఆ నెలలోనే, ప్రవక్త మనవడు హుసేన్‌ను కర్బలాలో, యూఫ్రటిస్ నది పక్కన నీళ్లు అందకుండా చేసి చంపారు. అమ్మ వంటింట్లోంచే అంది: "మూసా ప్రవక్త బయటపడింది సంతోషమే నాయనా. హుసేనయ్య దప్పికతో పోయిందీ ఆ రోజే కదా. ఒక్క పొద్దులో రెండూ ఎట్ల చేసేది నేను?" అన్న జవాబు చెప్పలేదు, బోరింగు దగ్గరికి పోయి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ చేసుకున్నాడు.

మా ఊరి పీర్ల పండగే మొత్తం మొహర్రం అనుకునేదాన్ని నేను. హైదరాబాదులో బీఈడీ చదివేటప్పుడు స్నేహితురాలితో డబీర్‌పురా వెళ్లాను. బీబీ కా ఆలం, అంటే అక్కడి పీరు, ఏనుగు మీద చాదర్‌ఘాట్ వైపు కదులుతోంది. నల్లబట్టల మగవాళ్లు గుండెలు బాదుకుంటూ నౌహాలనే శోకగీతాలు పాడుతున్నారు. డప్పు లేదు, పులివేషం లేదు. "మేం పండగ చూడ్డానికొచ్చాం" అని నా విరిగిన ఉర్దూలో అంటే, పక్కనున్న ముసలాయన మెల్లగా "యే గమ్ కా మహీనా హై, బేటీ" (ఇది దుఃఖపు నెల తల్లీ) అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అప్పటి నుంచీ మా ఊళ్లో డప్పు మోగుతుంటే నాకు ఆ ముసలాయన గుర్తొస్తాడు. అయినా కాలు ఆడుతుంది, ఏం చేసేది.

2025కు వస్తా. ఐదో తేదీ రాత్రి, పెద్ద సరిగెత్తు. పీర్లు వీధి వీధీ తిరిగినాయి. చింతపండుతో తోమిన ఇత్తడి, దాని మీద గంధం, కట్టిన దట్టీలు. ఊదు పొగలో హస్తం ఒక్కటే మెరుస్తోంది. అన్న తలుపు వేసుకుని పడుకున్నాడు. పీరు మా ఇంటి ముందు ఆగినప్పుడు అమ్మ కడవెడు నీళ్లు పోసింది, తలుపు వైపు ఒకసారి చూసి, ఇంకో కడవ పోసింది.

మర్నాడు మలీద. గోధుమ రొట్టెలు మందంగా కాల్చి, వేడి మీదే తుంచి రోట్లో వెయ్యాలి. చల్లారితే దంచినా పొడి కాదు, తోలులా సాగుతుంది. బెల్లం, వేయించిన పప్పులు, కుడక కోరు, ఏలక్కాయ వేసి నేను దంచుతుంటే అమ్మ నెయ్యి పోస్తా "ఇంకా, ఇంకా" అంది. పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే రాలిపోవాలి. పక్కనే బిందెలో బెల్లం పానకం, సోంపు వేసి. దప్పికతో పోయినవాళ్ల పేరున దారినపోయేవాళ్లకు పోసేది.

మధ్యాహ్నం పక్కింటి అక్క పేలాల పిండి గిన్నె తెచ్చింది. అమ్మ మలీద పెట్టబోతే, "ఏకాదశి ఒక్కపొద్దు వదినా, కట్టియ్యి, రేపు ద్వాదశికి తింటా" అంది. అన్న రోజా. ఒకే పంచలో ఇద్దరు ఉపవాసాలు, మధ్యలో రెండు తీపి గిన్నెలు. నేనూ మా పిల్లలూ మాత్రం రెండూ తిన్నాం.

సాయంత్రం పీర్లు జలధికి పోయినాయి. డప్పు చప్పుడు చెరువు దిక్కు నుంచి సన్నగా వినిపిస్తుంటే మసీదులో మగ్రిబ్ అజాన్ అయ్యింది. అన్న ఖర్జూరంతో రోజా విడిచి, నీళ్లు తాగి, నమాజు చదువుకుని వచ్చి కూర్చున్నాడు. అమ్మ వాడి ముందు ఒక పళ్లెం పెట్టింది. మలీద.

"చదివించింది కాదు కదా?"

"కాదు లేరా. చావిడికి పంపకముందే నీకని తీసి పెట్టినా. తిను."

తిన్నాడు. ఇంకొంచెం అడిగాడు. నేనేం మాట్లాడలేదు. పొద్దున రోలు దగ్గర కూర్చుంది నేనే. నేను నింపిన గిన్నె ఒక్కటే, అది చావిడికి పోయి వచ్చింది.